ఆర్101 ఎక్కడ, హిండెన్‌బర్గ్ ఎక్కడ

గాలి ఓడ, అంటే తేలిక గ్యాస్‌తో పైకి తేలే ఓడ, దాని ప్రమాదం అనగానే అందరికీ జర్మనీ వాళ్ల హిండెన్‌బర్గే గుర్తొస్తుంది. చావుల లెక్క చూస్తే దానికన్నా బ్రిటన్ గాలి ఓడ ఆర్101దే పెద్ద ఘోరం. 1930 అక్టోబర్ 4 సాయంత్రం అది ఇంగ్లండ్‌లోని కార్డింగ్టన్ నుంచి కరాచీకి బయల్దేరింది. అంతకుముందే, ఎత్తే బలం చాలక, ఓడను మధ్యకు కోసి ఇంకో గ్యాస్ సంచి పట్టేంత భాగం అతికించారు. ఆ తర్వాత పూర్తి వేగంతో పరీక్షే జరగలేదు! విమానయాన మంత్రి లార్డ్ థామ్సన్‌కేమో తొందర. గాలివానలో ఫ్రాన్స్‌లోని బోవే దగ్గర, రాత్రి 2 దాటాక నేలకు తగిలింది. తాకిడి పెద్దదేం కాదు, ప్రాణాలు తీసింది హైడ్రోజన్ మంటే. 54 మందిలో 48 మంది పోయారు, మంత్రితో సహా.

హిండెన్‌బర్గ్ అలా కాదు, అట్లాంటిక్‌ను ఎన్నోసార్లు దాటిన ఓడ. 1937 మే 6న న్యూజెర్సీలోని లేక్‌హర్స్ట్‌లో దిగుతూ తోకవైపు అంటుకుని, అర నిమిషంలో కూలింది. అందులోనూ హైడ్రోజనే, మంట అంటుకోని హీలియం అమెరికా చేతిలో ఉంది, ఇవ్వలేదు. అయినా 97 మందిలో 62 మంది బయటపడ్డారు. మరి అంత పేరెందుకంటారా? అక్కడ కెమెరాలున్నాయి.

నన్నడిగితే తప్పు ఎక్కువ ఆర్101 వాళ్లదే. ఆ దెబ్బకు బ్రిటన్, బాగానే ఎగిరిన తన ఇంకో గాలి ఓడ ఆర్100ను కూడా తుక్కు కింద అమ్మేసింది.