నిఘంటువు యాప్: అర్థం సరే, వాడుక ఏదీ?

పిల్లలకి తెలుగు చెబుతాను కాబట్టి ఈ యాప్ రోజూ తెరుస్తుంటాను. నెట్ లేకపోయినా పనిచేస్తుంది, వెతకడం తేలిక. ‘నిశ్చింత’ కొడితే నిః + చింత అని సంధి విడదీసి చూపించింది, బాగుంది. కానీ పర్యాయపదాల్లో ‘నిర్లక్ష్యం’ పెట్టారేమిటండీ! ‘ఆపరేషన్ బాగా జరిగింది, ఇక నిశ్చింతగా ఉండండి’ అనే డాక్టరు నోట ఆ మాట పెట్టి చూడండి, పేషెంటు మళ్లీ వార్డులోకే. ‘నిబ్బరం’ కూడా అక్కడే కలిపేశారు. అది కష్టం మీదపడ్డప్పుడు కావలసింది. టెన్షనే లేనివాడికి దాంతో పనేముంది? ‘నిమ్మళం’ ఊసే లేదు. జ్వరం తగ్గినవాణ్ణి ‘ఇప్పుడు నిమ్మళంగా ఉందా?’ అని అడుగుతాం కదా. ఉదాహరణ వాక్యాలు చేర్చేదాకా మూడు స్టార్లే.