విడి వజ్రం కొంటున్నారా? బిగించే ముందే మీ కళ్లెదుట తూకం వేయించండి

మా అమ్మాయి నిశ్చితార్థానికి ఉంగరం చేయించాలనుకున్నాం. మా అత్తగారి పాత గాజులు కరిగించి ఆ బంగారంతోనే చేయించాలన్నది నా కోరిక. రాయిని మాత్రం విడిగా ఎంచుకున్నాం. మోసపోయింది అక్కడే. మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి పనిలో ఉంటే దయచేసి ఇది చదివాకే డబ్బు కట్టండి.

దుకాణంలో పొట్లాలు విప్పి నాలుగు రాళ్లు చూపించారు. 90 సెంట్ల గుండ్రటి రాయి మాకు నచ్చింది (సెంటు అంటే క్యారెట్‌లో వందో వంతు). రంగు జి (దాదాపు రంగులేనిది), స్వచ్ఛత వీఎస్1 (లోపలి మచ్చలు చాలా స్వల్పం), దానికి వజ్రాలను పరీక్షించే జీఐఏ సంస్థ రిపోర్టు. రిపోర్టు నంబరును ఆ సంస్థ వెబ్‌సైట్‌లో చూస్తే బరువు, రంగు, కొలతలు అన్నీ సరిపోయాయి. వజ్రమో కాదో చెప్పే టెస్టర్ పెన్ను ఆనించగానే మోగింది. ఇంకేం కావాలనుకుని సహజ వజ్రం ధర మొత్తం చెల్లించాను.

నేను పోల్చి చూసింది కాగితాన్ని కాగితంతో. ఆ రాయి, ఆ కాగితం ఒకదానికొకటి చెందినవేనా అని ఒక్కసారి కూడా అడగలేదు.

అయిదు నెలల తరువాత రాయి కదులుతోందని మా పాత ఆచారిగారి దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన రాయిని విప్పి తూచారు. 87 సెంట్లు. క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, కాబట్టి తేడా ఆరు మిల్లీగ్రాములే. కానీ చేతికి పెట్టుకున్నంత మాత్రాన అరిగి బరువు తగ్గే వస్తువు కాదు వజ్రం. ఆయన పది రెట్ల భూతద్దంతో రాయి నడుము చుట్టూ ఉండే సన్నని అంచును చూశారు. దాన్ని గర్డిల్ అంటారు. రిపోర్టు నంబరును లేజర్‌తో అక్కడ చెక్కినట్లు నా రిపోర్టులోనే రాసి ఉంది. రాయి మీద ఒక్క అంకె కూడా లేదు. ప్రయోగశాలకు పంపితే సీవీడీ పద్ధతిలో, అంటే ల్యాబ్‌లో వాయువు నుంచి పెంచి, తయారుచేసిన వజ్రమని తేలింది.

ల్యాబ్ వజ్రాన్ని నేను తక్కువ చేయడం లేదు. అదీ కర్బనమే, అదీ వజ్రమే. వేడిని సహజ వజ్రంలాగే ప్రసరింపజేస్తుంది కాబట్టే ఆ పెన్ను మోగింది. కానీ దాని ధర చాలా తక్కువ. తెలిసి కొనుక్కుంటే మంచి బేరమే. చెప్పకుండా అంటగట్టడం మాత్రం దగా.

ఉంగరం మీద హాల్‌మార్క్ ఉంది కదా అని కూడా ధైర్యంగా ఉన్నాను. బీఐఎస్ గుర్తు, స్వచ్ఛత, ప్రతి నగకూ విడిగా ఇచ్చే ఆరు అక్షరాంకెల గుర్తింపు సంకేతం హెచ్‌యూఐడీ, ఇవన్నీ బంగారం గురించి మాత్రమే. రాయి గురించి అవి ఏమీ చెప్పవు.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది దుకాణం వారి సమాధానం. "మేమిచ్చిన రాయి ఇదేనని రుజువేమిటమ్మా?" అన్నారు. నా దగ్గర రుజువు లేదు. బిల్లులో "వజ్రం 0.90" అని ఉంది, అంతే. సహజం అన్న మాట లేదు, రిపోర్టు నంబరూ లేదు. రాయి మొదటి నుంచీ అదేనా, బిగించడానికి లోపలికి తీసుకెళ్లినప్పుడు మారిందా అన్నది నేను ఎప్పటికీ తేల్చలేను.

అందుకే చెబుతున్నాను. విడిగా ఉన్నప్పుడే రాయిని మీ ఎదుట తూచమనండి, ఒకసారి బిగించాక తూకం కుదరదు. రెండో దశాంశ స్థానం దాకా రిపోర్టుతో సరిపోవాలి. వ్యాసం, లోతు మిల్లీమీటర్లలో కొలిపించండి. గర్డిల్ మీది అంకెలను మీరే చదవండి. చూపించడానికి సణిగితే లేచి వచ్చేయండి. అన్ని రాళ్లకూ చెక్కడం ఉండదు, ఉంటే రిపోర్టులో రాసి ఉంటుంది. బిల్లులో "సహజ వజ్రం" అని, రిపోర్టు నంబరు, రాయి బరువు, బంగారం బరువు విడివిడిగా రాయించుకోండి. ఉంగరం తయారై వచ్చాక గర్డిల్ మీది అంకెలను మళ్లీ చూడండి. ఈ చివరి పని చాలామంది చేయరు. నేనూ చేయలేదు.

1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లేందుకు కాగితాలు సిద్ధం చేస్తున్నాను. ఇప్పటికే నగ చేయించుకున్నవారు కూడా ఒకసారి తెలిసిన స్వర్ణకారుడి దగ్గర భూతద్దంతో చూపించుకోండి. రాయిని పట్టి ఉంచే బంగారం అడ్డు రాకపోతే, బిగించి ఉన్నా గర్డిల్ మీది అంకెలు కనిపిస్తాయి.