స్క్రిప్ట్‌తో ప్రింట్ తియ్యాలంటే: సుమత్రా పీడీఎఫ్

బిల్లులు, చలాన్లు ఒక ఫోల్డర్‌లో పడగానే ఎవరూ ముట్టుకోకుండా ప్రింటర్‌కి వెళ్లాలి. విండోస్‌లో ఈ పనికి చాలాకాలంగా వాడుతున్నది సుమత్రా పీడీఎఫ్ అనే పీడీఎఫ్ రీడర్. ఉచితం. ఇన్‌స్టాల్ చెయ్యకుండా ఒక్క ఫైలుగానూ నడుస్తుంది.

చాలామంది ముందు పట్టుకునేది పవర్‌షెల్‌లో (విండోస్‌తో వచ్చే స్క్రిప్ట్ భాష) స్టార్ట్-ప్రాసెస్ కమాండ్‌కి ‘ప్రింట్’ వెర్బ్, అంటే ‘ఈ ఫైలుని ప్రింట్ చెయ్యి’ అన్న ఆదేశం, ఇచ్చే దారి. అది డిఫాల్ట్ ప్రోగ్రామ్ దయ మీద నడుస్తుంది. పీడీఎఫ్‌లకు ఎడ్జ్ డిఫాల్ట్ అయితే ఎర్రర్ వచ్చి ఆగుతుంది. అడోబీ రీడర్ అయితే ప్రింట్ ఇచ్చి, మూసుకోకుండా అలాగే కూర్చుంటుంది. సుమత్రాకి ‘-ప్రింట్-టు’, ప్రింటర్ పేరు, ‘-సైలెంట్’, ఫైలు పాత్ ఇస్తే పని ముగించి తనే వెళ్లిపోతుంది. ప్రింటర్ పేరు పవర్‌షెల్‌లో గెట్-ప్రింటర్ కమాండ్ చూపించినట్టే, కోట్స్‌లో రాయాలి. డిఫాల్ట్ ప్రింటర్‌ని మాత్రం నమ్మొద్దు. విండోస్ 10 నుంచి డిఫాల్ట్‌ని విండోసే చూసుకునే సెట్టింగ్ ఒకటుంది. అది ఆన్‌లో ఉంటే చివరగా వాడిన ప్రింటరే డిఫాల్ట్. బిల్లు వెళ్లి స్టిక్కర్ల రోల్ మీద పడుతుంది.

‘-ప్రింట్-సెట్టింగ్స్’లో ‘2ఎక్స్,డూప్లెక్స్’ అంటే రెండు కాపీలు, రెండువైపులా. బార్‌కోడ్ స్టిక్కర్లకు ‘నోస్కేల్’ తప్పనిసరి. లేకపోతే పేజీ అంచులకు సరిపోయేలా కుదించేస్తుంది, గళ్లు తప్పుతాయి.

వర్డ్ ఫైళ్లను సుమత్రా నేరుగా ప్రింట్ చెయ్యదు. స్క్రిప్ట్‌తో వర్డ్‌నే తెరిచి దాని ప్రింట్‌అవుట్ కమాండ్ పిలవొచ్చు గానీ, బ్యాక్‌గ్రౌండ్ ఫాల్స్ అని చెప్పకపోతే ప్రింట్ పూర్తిగా వెళ్లకముందే వర్డ్‌ని మూసే క్విట్ నడుస్తుంది. అప్పుడు వర్డ్ ‘ఆపేయమంటారా’ అని అడిగి, జవాబిచ్చేవాళ్లు లేక రాత్రంతా అలాగే ఉంటుంది. అందుకే వర్డ్‌లోని ఎక్స్‌పోర్ట్‌యాజ్‌ఫిక్స్‌డ్‌ఫార్మాట్ కమాండ్‌కి 17 (పీడీఎఫ్‌కి వర్డ్ కోడ్) ఇచ్చి పీడీఎఫ్ చేసుకుని, దాన్ని సుమత్రాకి అప్పగించడమే మేలు. అను ఫాంట్లలో టైపు చేసిన పాత తెలుగు ఉత్తరాలుంటే, ఆ ఫాంట్లున్న మెషీన్‌లోనే పీడీఎఫ్ చెయ్యాలి. వేరేచోట చేస్తే తెలుగు బదులు పిచ్చి ఇంగ్లిష్ గుర్తులు అచ్చవుతాయి.

స్క్రిప్ట్‌ని టాస్క్ షెడ్యూలర్‌లో (విండోస్‌లో పనులు దానంతటదే నడిపేది) పెడితే ఏ యూజర్ ఖాతా కింద నడుస్తోందో చూసుకోండి. నెట్‌వర్క్ ప్రింటర్‌ని మీ లాగిన్‌కి మాత్రమే కలిపి ఉంటే, విండోస్ సొంత సిస్టమ్ ఖాతాకి అది కనబడదు.

లోపాలు లేవని కాదు. సుమత్రా పేజీని బొమ్మగా మార్చి పంపుతుంది కాబట్టి స్పూల్ ఫైలు (ప్రింటర్‌కి వెళ్లేముందు విండోస్ దాచుకునేది) బరువెక్కుతుంది, పాత లేజర్ ప్రింటర్లు నీరసిస్తాయి. సుమత్రా ముగిసిందంటే విండోస్ ప్రింట్ క్యూని నడిపే స్పూలర్‌కి చేరిందనే అర్థం, కాగితం బయటికొచ్చిందని కాదు. ట్రేలో కాగితం అయిపోయిన సంగతి స్క్రిప్ట్‌కి తెలియాలంటే గెట్-ప్రింట్‌జాబ్ అనే పవర్‌షెల్ కమాండ్‌తో క్యూ ఖాళీ అయిందో లేదో విడిగా చూడాలి.