కేపిగ్ 107.5 ఎఫ్ఎం: చాలా ఏళ్లుగా వింటున్న శ్రోత సమీక్ష

కాలిఫోర్నియాలో మాంటెరే అఖాతం పక్కన, స్ట్రాబెర్రీ తోటలకు పేరుపొందిన వాట్సన్‌విల్ అనే చిన్న ఊరి నుంచి ప్రసారమయ్యే కేపిగ్ స్టేషన్‌ను నేను శాన్ హోసేలో ఉద్యోగంలో చేరిన కొత్తలో, శాంతాక్రూజ్ వైపు వెళ్లేటప్పుడు కారు రేడియోలో వినడం మొదలుపెట్టాను. ఎఫ్ఎం తరంగాలకు కొండలు అడ్డం కాబట్టి 17వ నంబరు రహదారి మీద కనుమ దాటాకే పాట శుభ్రంగా వినిపించేది. ఇప్పుడు ఇంట్లోనే, చందా కట్టి ఇంటర్నెట్‌లో వింటున్నాను.

పాత రాక్ పాటలు వేసే స్టేషన్లకు అమెరికాలో కొదవ లేదు. వాటిలో చాలావాటికి పాటల జాబితా ఎక్కడో కేంద్ర కార్యాలయంలో తయారవుతుంది కనుక, అవే కొన్ని వందల పాటలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. కేపిగ్‌లో మాత్రం ఏ పాట వెనక ఏ పాట రావాలన్నది మైకు ముందు కూర్చున్న మనిషి అభిరుచిని బట్టి ఉంటుంది. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బృందం తర్వాత కంట్రీ (అమెరికా పల్లె బాణీ) గాయకుడు విల్లీ నెల్సన్, ఆ వెంటనే ఎవరూ పట్టించుకోని ఒక పాత బ్లూస్ (నల్లజాతి అమెరికన్ల జానపద బాణీ) గాయకుడు వస్తే, ఆ మూడింటికీ ఉన్న బంధుత్వం చెవికి తెలుస్తుంది. వివిధభారతి అనౌన్సర్ల గొంతులు గుర్తుపట్టగలిగే నాలాంటివారికి ఈ పద్ధతి వెంటనే నచ్చుతుంది.

ఈ స్వేచ్ఛ వారసత్వంగా వచ్చింది. వెల్లుల్లికి ప్రసిద్ధమైన గిల్‌రాయ్‌లో 1975లో మొదలైన కేఫ్యాట్ స్టేషన్ కంట్రీ, రాక్, బ్లూస్ కలిపి వినిపిస్తూ 1983 దాకా నడిచింది. అక్కడ పనిచేసిన లారా ఎలెన్ హాపర్ మరికొందరితో కలిసి 1988లో కేపిగ్‌ను ప్రారంభించి, అదే ధోరణిని కొనసాగించారు. ఆమె 2007లో కన్నుమూశారు. పేరులోని పందిని (ఇంగ్లీషులో ‘పిగ్’) వదలకుండా ఇప్పటికీ స్టేషన్ తన 107.5 నంబరులో ‘పాయింట్’ బదులు పంది అరుపు పెట్టి, తనను తాను ‘నూట ఏడు ఓయింక్ ఐదు’ అని పిలుచుకుంటుంది.

1995లోనే, వాణిజ్య స్టేషన్లలో అందరికంటే ముందు వరసలో, కేపిగ్ తన ప్రసారాన్ని ఇంటర్నెట్‌లో పెట్టింది. 2002లో అమెరికా ప్రభుత్వం ఇంటర్నెట్‌లో వినిపించే ఒక్కో పాటకు, ఒక్కో శ్రోతకు 0.07 సెంట్ల రాయల్టీ (పాట హక్కుదారులకు స్టేషన్ కట్టాల్సిన రుసుము) నిర్ణయించింది. వినడానికి ఇది చిన్న మొత్తమే కానీ, వెయ్యి మంది వింటూ గంటకు పదిహేను పాటలు వేస్తే రోజుకు 250 డాలర్లు దాటుతుంది. ఒక ఊరి స్టేషన్‌కు అది మోయలేని బరువు. అందుకే ఆ ఏడాది ఇంటర్నెట్‌లో ఉచిత ప్రసారం ఆగిపోయి, తర్వాత చందా పద్ధతి వచ్చింది. ఆ లెక్క తెలిసినవాడిగా నాకు చందా న్యాయంగానే అనిపిస్తుంది.

నేను అన్నిటికంటే ఇష్టంగా విన్నది ఆదివారం ఉదయం స్టూడియో నుంచే వచ్చే ప్రత్యక్ష సంగీతం. తీగలు శ్రుతి చేసుకోవడం, పాటకీ పాటకీ మధ్య కబుర్లు, అన్నీ యథాతథంగా వినిపిస్తాయి.

చందా వద్దనుకునేవారికి, కేపిగ్ ఇంటర్నెట్ ప్రసారాన్ని తీర్చిదిద్దిన బిల్ గోల్డ్‌స్మిత్ 2000లో మొదలుపెట్టిన రేడియో ప్యారడైజ్ అనే ఇంటర్నెట్ రేడియో ఉంది. అది ప్రకటనలు లేకుండా, శ్రోతల విరాళాలతో నడుస్తుంది. పాటల కూర్పు కూడా చక్కగా ఉంటుంది. అయితే ఊరి సంగతులు, ఆ వారం చుట్టుపక్కల జరగబోయే కచేరీల కబుర్లు కావాలంటే కేపిగ్‌నే వినాలి.