పార్కు డిజైన్ చేసిన సంస్థ గురించి: నీళ్ల పనికి ఫుల్ మార్కులు, అప్పగింత తర్వాత సున్నా

రేటింగ్ ముందే చెప్పేస్తా, 5కి 3. మా సంఘంలో కొందరు 1 కూడా దండగ అంటున్నారు కానీ వాళ్లకి ఎండిన మొక్కలు తప్ప ఇంకేమీ కనపడట్లేదు. ఇళ్ల వెనక వరద కాలువ, దాని పక్కన ఏళ్ల తరబడి ఎవరికీ పట్టని ఖాళీ స్థలం, ముందువైపు రోడ్డు, ఈ మూడింటినీ కలిపి అందరూ తిరిగే పార్కుగా మార్చడానికి ఒక ల్యాండ్‌స్కేప్ డిజైన్ సంస్థని పెట్టుకున్నాం. పేరు రాయను, వాళ్లతో లెక్కలు ఇంకా తేలలేదు. ఇలాంటి పనికి డిజైనర్ ఎందుకు, నర్సరీవాళ్లకి చెప్తే పోదా అని అడిగేవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నా.

ముందు నచ్చినవి. మొదటిసారి వచ్చినప్పుడు వీళ్లు ల్యాప్‌టాప్ తెరవలేదు, పార తెచ్చుకున్నారు (అంతకుముందు వచ్చి వెళ్లిన ఇంకో ఆయన ఫౌంటెన్ బొమ్మతో మొదలుపెట్టాడు, అక్కడే నాకు ఆసక్తి పోయింది). స్థలంలో అక్కడక్కడా మోకాలి లోతు గుంతలు తీయించారు. పైన జానెడు మందం మంచి మట్టి, దాని కింద ఇటుక ముక్కలు, గడ్డకట్టిన సిమెంటు, పాలిథిన్ సంచులు, ఒక పాత చెప్పు. గుంతల్లో నీళ్లు పోసి, స్కేలు దించి, గంటకి ఎంత దిగుతోందో రాసుకున్నారు. కాలువ వైపు గుంతలో చూస్తుండగానే ఇంకిపోయాయి. రోడ్డు వైపు గుంతలో మాత్రం మర్నాడు పొద్దున కూడా నీళ్లు అలాగే ఉన్నాయి, ఎందుకంటే లారీలు ఆపీ ఆపీ అక్కడి నేల బండబారిపోయింది. చెట్టుకి నీళ్లూ పోషకాలూ లాగే సన్న వేళ్లు చాలావరకు పై అర మీటరులోనే ఉంటాయి, ఆ మందంలో గాలి ఆడకపోతే ఎంత ఖరీదైన మొక్క తెచ్చి పెట్టినా రెండేళ్లు గిడసబారి ఉండి మూడో ఏడు పోతుంది, పోకపోయినా వేళ్లు పైపైనే పాకి పెద్దగాలికి పక్కకి ఒరుగుతుంది. అందుకని శిథిలాలు ఏరించి, నేల లోతుగా గుల్ల చేయించి, కంపోస్టు కలిపించారు. ఖర్చులో పెద్ద ముక్క దీనికే పోయింది, కంటికి కనపడేది మాత్రం ఏమీ లేదు. మీటింగులో దీని మీద జరిగిన గొడవ ఇంకెందుకులెండి. నా లెక్కలో ఈ సంస్థ చేసిన అతి మంచి పని ఇదే.

ఇక నీళ్లు. ఇదివరకు రోడ్డు మీద పడ్డ వాన సైడు కాలువలోంచి నేరుగా వెనక కాలువలోకి పోయేది, గట్టి వాన పడితే కాలువ నిండి అదే నీరు వెనక్కి తన్నేది. ఇప్పుడు రోడ్డు అంచు రాళ్లని కొన్నిచోట్ల తెంచి ఆ నీరు పార్కులోకి మళ్లేలా చేశారు. లోపల వెడల్పుగా, లోతు తక్కువగా ఉండే పల్లాలు వరసగా ఉంటాయి, మొదటిది నిండితే రెండోదాంట్లోకి, అది నిండితే మూడోదాంట్లోకి, చివరికి మిగిలిందే కాలువలో పడుతుంది. పల్లాల్లో ఇసుక కలిపిన మట్టి వేసి, మునిగినా మాడినా తట్టుకునే గడ్డి జాతులు పెట్టారు. దోమలొస్తాయని అందరికీ ఒకటే టెన్షన్. గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి దోమ ఎగిరేదాకా ఎంత వేడిలో అయినా కొన్ని రోజులు పడుతుంది, ఈలోపే నీళ్లు ఇంకిపోతే లార్వా బతకదు, అందుకే రెండు రోజుల్లోపు ఆరిపోయేలా లెక్క కట్టామన్నారు. ఆరిపోతున్నాయి, నేను చూశాను. వాన తగ్గిన సాయంత్రం పిల్లలు ఆ పల్లాల దగ్గరే చేరుతున్నారు, ఊయలల దగ్గర కాదు.

మీటింగులో వీళ్లు సింగపూర్ బిషాన్ పార్కు ఫోటోలు చూపించారు. అక్కడ 2.7 కిలోమీటర్ల కాంక్రీటు కాలువని పగలగొట్టి 3.2 కిలోమీటర్ల వంకర్ల నదిగా మార్చి 2012లో తెరిచారు, తీసిన కాంక్రీటుని కూడా బయట పారేయకుండా అక్కడే ఒక గుట్టగా పోశారు. మామూలు రోజుల్లో జనం నీటి అంచు దాకా దిగొచ్చు, వరదొచ్చే ముందు సైరన్ మోగుతుంది. అంత పెద్దది మాకెలా వస్తుంది అని ఒకాయన ఎగతాళి చేశాడు కానీ సూత్రం అదే, నీరు పొంగినప్పుడు పక్కకి పరుచుకోవడానికి చోటివ్వడం. దీనికి ఎదురుగా సియోల్‌లోని చొంగేచొన్ వాగుని పెట్టి చూడండి. మీదున్న ఫ్లైఓవర్ కూల్చి 2005లో 5.8 కిలోమీటర్ల మేర వాగుని మళ్లీ బయటికి తెచ్చారు, ఊరి నడిబొడ్డున జనం నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటారు, చుట్టుపక్కల కంటే అక్కడ చల్లగా ఉంటుంది, నాకు దాని మీద గౌరవమే. కాకపోతే అందులో పారే నీరు ఎక్కువ భాగం హాన్ నది నుంచి పంపులతో తోడి వదిలేది, మోటార్లు ఆపితే వాగూ ఆగుతుంది. మా పార్కులో అలాంటి మోటారు ఒక్కటీ లేదు, వాన పడితే పని చేస్తుంది, పడకపోతే ఎండిన పల్లంలా ఉంటుంది. ఎండిన పల్లం ఫోటోలో బాగుండదు, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి.

ఇక్కడే ఒక ప్రశ్నకి వాళ్ల దగ్గర జవాబు లేదు. బోస్టన్‌లో 1870ల చివర్లో ఓల్మ్‌స్టెడ్ అనే ల్యాండ్‌స్కేప్ డిజైనర్ బ్యాక్ బే ఫెన్స్ అనే చిత్తడి పార్కు పని మొదలుపెట్టింది అందం కోసం కాదు, మురుగు కంపు, వరద అసలు సమస్య, సముద్రపు పోటు నీటికి తగ్గట్టు ఉప్పు చిత్తడి మొక్కలు వేయించాడు. 1910కల్లా చార్లెస్ నది మీద డ్యామ్ పూర్తయి ఉప్పునీరు రావడం ఆగిపోయింది, ఆయన మొక్కల లెక్కంతా తలకిందులైంది. మరి మా కాలువకి ఎగువన రేపు ఎవరో కొత్తగా కట్టి నీళ్లు రెట్టింపు వదిలితే ఏంటి పరిస్థితి అని అడిగా. “అప్పుడు మళ్లీ చూద్దాం సార్” అన్నారు. డ్రాయింగులో కనీసం నీళ్లు పొంగి పొర్లే చోటు పెద్దది చేసుకునే వీలైనా ఉంచాల్సింది.

కాలువ మూలన ఉన్న పిచ్చి పొదని ముట్టుకోకుండా వదిలేయడం ఇంకో మంచి నిర్ణయం. పాములుంటాయి, కొట్టేయండి అని చాలామంది పట్టుబట్టారు. చైనాలో హార్బిన్ దగ్గర కున్లీ పార్కులో యూ కాంగ్‌జియాన్ అనే డిజైనర్ బృందం చిత్తడి నేల మధ్యభాగాన్ని అసలు కదపకుండా, అంచుల వెంబడి మాత్రం చెరువులు తవ్వి, ఆ మట్టితోనే దిబ్బలు పోసి, జనం నడిచే దారిని ఆ అంచు మీదుగా ఎత్తులో వేసింది. మా దాంట్లోనూ అదే పద్ధతి, పొద చుట్టూ నడుమెత్తు కంచె, దాన్ని ఆనుకుని కాలిబాట. లోపలికి వెళ్లనక్కర్లేదు, నిలబడి చూడొచ్చు. పిట్టలన్నీ కొత్తగా పెట్టిన మొక్కల్ని వదిలేసి ఆ పొదలోనే ఉంటున్నాయి.

మొక్కల విషయంలో సలహా నిజాయితీగా ఇచ్చారు, తెచ్చిన సరుకే బాలేదు. మొత్తం స్థలంలో మియావాకీ అడవి పెట్టేద్దాం అని మావాళ్లలో కొందరికి కోరిక. చదరపు మీటరుకి మూణ్నాలుగు మొక్కలు కిక్కిరిసి పెట్టే పద్ధతి అది, పెరిగాక మనిషి దూరే సందుండదు, పిల్లలు ఆడలేరు, ముసలివాళ్లు నడవలేరు, కాబట్టి రోడ్డు దుమ్ము ఆపడానికి అంచున ఒక పట్టీగా చాలన్నారు. కాదని పెద్ద అడవి అమ్మేసి ఉంటే వాళ్లకే ఎక్కువ బిల్లు వచ్చేది. అది సరే, ఆ తర్వాత సరఫరా చేసిన పెద్ద మొక్కల్లో చాలావాటికి ఎదుగూ బొదుగూ లేదు. ఒకటి ఎండిపోతే నేనే పీకి చూశా. అడుగు కవరు తీయకుండానే పాతిపెట్టారు, వేళ్లు బయటికి రావడానికి దారి లేక ఆ కవరు గోడ వెంట గుండ్రంగా తిరిగి తిరిగి చుట్టకుదురులా బిగుసుకుపోయి ఉన్నాయి, మట్టి విదిలించినా ఆ ఆకారం విడలేదు. నర్సరీలోనే చాలాకాలం కవరులో ఉండిపోయిన మొక్క అన్నమాట. ఇలాంటిదాన్ని పాతే ముందు కవరు చింపి, చుట్టుకున్న వేళ్లని కోసి విడదీయాలి, అది పాతేవాడు చేయాల్సిన పని, చేశాడో లేదో చూసుకోవాల్సింది పర్యవేక్షణ ఫీజు తీసుకున్నవాళ్లు.

దారుల సంగతి మరీ అన్యాయం. ఖాళీ స్థలంగా ఉన్నప్పుడే బస్టాపుకి వెళ్లేవాళ్లు మూల నుంచి మూలకి అడ్డంగా నడిచి నడిచి ఒక బాట పడింది, గడ్డి లేని తెల్లటి గీత ఎవరికైనా కనపడుతుంది. మట్టి అంత శ్రద్ధగా చూసినవాళ్లు దీన్ని చూడలేదు. ప్లానులో ఒంపులు తిరిగే దారి వేసి, పాత బాట మీద పొదల వరస నాటారు. తెరిచిన వారంలోనే ఆ పొదలకి కంత పడింది. పొద్దున్నే బస్సు పట్టుకోవాల్సిన మనిషి మీ ఒంపుల అందం చూస్తూ చుట్టూ తిరిగి వెళ్తాడా? సరిచేయమంటే అది అదనపు పని, వేరే బిల్లు అన్నారు. చక్రాల కుర్చీకి వాలు మాత్రం సరిగ్గానే పెట్టారు, అన్ని గేట్ల దగ్గరా.

కూర్చునే చోట్ల గురించి రెండు ముక్కలు. బెంచీలన్నీ సిమెంటువి, నేలకి బిగించినవి, ఒక్కో బెంచీ పక్కన నీడ కోసమంటూ ఒక బొటనవేలంత మొక్క. నీడ వచ్చేసరికి మా పిల్లలకి పెళ్లిళ్లవుతాయి. న్యూయార్క్‌లో విలియం వైట్ అనే ఆయన ప్లాజాల్లో జనం ఎక్కడ కూర్చుంటున్నారో కెమెరాలు పెట్టి గమనించి, కుర్చీ జరుపుకునే వీలుంటే మనుషులు ఎండానీడల్ని బట్టి తమ చోటు తామే చూసుకుంటారని చెప్పాడు, 1992లో మళ్లీ తెరిచిన బ్రయంట్ పార్కులో అలాంటి కుర్చీలే వేశారు. మాకు కుర్చీలు వేస్తే మాయమవుతాయేమోనన్న భయం ఉంది నిజమే, కానీ చెట్లు ఎదిగేదాకా తాత్కాలికంగా ఒక పందిరి అయినా ప్లానులో ఉండాలి కదా. లైట్లు మాత్రం కిందికే పడేలా, తక్కువ ఎత్తులో పెట్టారు, పొద వైపు చీకటిగానే ఉంచారు. బాగుంది.

అసలు మార్కులు పోయింది అప్పగింత దగ్గర. అందమైన ఫైలు ఒకటి ఇచ్చారు, ఫోటోలు, శాస్త్రీయ నామాలతో మొక్కల పట్టిక. ఏ నెలలో ఏది కత్తిరించాలి, ఏది కత్తిరించకూడదు, పల్లాల్లో మేట ఎప్పుడు తీయాలి, కొత్త మొక్కకి ఎన్నాళ్లు నీళ్లు పట్టాలి, ఇవేవీ అందులో లేవు. తోటమాలికి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆయన తనకి తెలిసిన పద్ధతిలో మొక్కల మొదళ్లలో పరిచిన ఆకులన్నీ చెత్త అనుకుని ఊడ్చి తగలబెట్టాడు, పల్లాల్లోని పొడుగు గడ్డిని లాన్‌లా నున్నగా కోసేశాడు. ఆయన తప్పేముంది? న్యూయార్క్‌లో పాత రైలు వంతెన మీద కట్టిన హై లైన్ పార్కులో పీట్ ఔడాల్ఫ్ అనే డిజైనర్ పెట్టిన మొక్కల్ని చలికాలంలో ఎండిపోయినా కోయకుండా నిలబెడతారు, గింజలు పిట్టలకి పనికొస్తాయి, ఆ ఎండు రూపమూ డిజైన్‌లో భాగమే, వసంతం వచ్చే ముందే కోస్తారు. ఆ సంగతి అక్కడి తోటపనివాళ్లకి తెలుసు కాబట్టే అది నిలబడింది.

ఇంకోటి, రోడ్డు నీళ్లు లోపలికి వచ్చే కంతల ముందు ఒక్క వానాకాలంలోనే ఇసుక పేరుకుపోయి నీళ్లు పార్కులోకి రాకుండా రోడ్డు వెంటే పోవడం మొదలైంది. డిజైన్ ఫెయిల్ అని గోల. పార తీసుకుని ఒక గంట తవ్వితే మళ్లీ పారాయి. కంత వెనక ఇసుక ఆగడానికి చిన్న రాళ్ల గుంట ముందే పెట్టాల్సింది, అడిగాక వచ్చి పెట్టారు, దీనికి బిల్లు వేయలేదు.

మీరు ఎవరినైనా పెట్టుకోబోతుంటే ఈ మూడూ అడగండి. మొదటిది, కంప్యూటర్ బొమ్మల్లో చెట్లన్నీ పాతికేళ్లవి ఉంటాయి, తెరిచిన రోజున, ఐదో ఏట ఎలా ఉంటుందో కూడా గీయించండి, గీయనంటే ఆలోచించుకోండి. రెండోది, చచ్చిన మొక్క మార్చే గడువు కనీసం ఒక పూర్తి ఎండాకాలం దాటేలా రాయించండి, మాది వానల్లో మొదలై ఎండలకి ముందే అయిపోయింది, వాళ్ల తెలివి వాళ్లది. మూడోది, మొదటి రెండేళ్లు నెలకోసారైనా మనిషి వచ్చి తోటమాలితో కలిసి తిరగాలని ఒప్పందంలో పెట్టండి, దానికి వేరే డబ్బు అడిగినా ఇవ్వండి, ఫౌంటెన్ మానేసి ఇవ్వండి.

మళ్లీ ఇలాంటి పని పడితే వీళ్లనే పిలుస్తానా అంటే, మట్టికీ నీళ్లకీ పిలుస్తా. మొక్కలు మాత్రం మేమే వెళ్లి, కవరు విప్పించి, వేళ్లు చూసి తెచ్చుకుంటాం.

అప్‌డేట్: పోయిన మొక్కల బదులు కొత్తవి కొన్ని పంపారు, ఈసారి చిన్నవి, వేళ్లు శుభ్రంగా ఉన్నాయి. మిగతావి వానలు మొదలయ్యాక అంటున్నారు, ఆ మాట కాగితం మీద రాయించుకుని సంతకం తీసుకున్నాం.