ఎకోపాత్ విత్ ఎకోసిమ్: ఏడేళ్లు వాడాక

సముద్రంలో ఎవరు ఎవరిని తింటున్నారో, అందులోంచి మనం ఎంత పట్టుకొస్తున్నామో పద్దు రాసే సాఫ్ట్‌వేర్ ఇది. ఉచితం. 1984లో పొలోవినా అనే శాస్త్రవేత్త హవాయి దీవుల దగ్గరి పగడపు దిబ్బల కోసం ఎకోపాత్ తయారుచేశాడు. అది ఒక ఏడాది లెక్క మాత్రమే. ఆ లెక్కను ఏళ్ల తరబడి ముందుకు నడిపే ఎకోసిమ్ 1997లో వచ్చింది. నేను విశాఖ తీరం కోసం వాడుతున్నాను.

మొదటి ఆరు నెలలు పద్దు కుదర్చడంతోనే సరిపోయింది. ఒక్కో చేపల గుంపు మొత్తం ఎంత ఉంది, ఏడాదికి తన బరువుకు ఎన్ని రెట్లు పెరుగుతుంది, ఎన్ని రెట్లు తింటుంది, పెరిగినదాంట్లో ఎంత వంతు వలకో పెద్ద చేపల నోటికో పోతుంది... ఈ నాలుగింట్లో మూడు ఇస్తే నాలుగోది అదే తేలుస్తుంది. ఆ చివరి వంతు 1 దాటకూడదు. నా నెత్తళ్లకు 3.2 వచ్చింది. పెరిగినదానికి మూడు రెట్లు తినేస్తున్నారన్నమాట!

తప్పు నెత్తళ్లను తినే సావళ్ల తిండి పట్టికలో ఉంది. వేరే తీరానిది తెచ్చి పెట్టుకున్నాను. చివరికి తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కెళ్లి సావళ్లు కొని తెచ్చి పొట్టలు కోశాను. చాలావరకు ఖాళీ. మిగతావాటిలో రొయ్యలు, నెత్తళ్లు, వాటితోపాటు వేలెడు పొడవున్న పిల్ల సావళ్లు. సొంత పిల్లల్నే తినే చేప ఖాతాలో దాదాపు అంతా నెత్తళ్లే రాస్తే పద్దు ఎలా కుదురుతుంది? ఇలా విసిగించి సముద్రం దాకా పంపడమే నాకు దీంట్లో బాగా నచ్చింది.

ఎకోసిమ్‌తో మాత్రం జాగ్రత్త. ఎర చేప వేటాడే చేపకు ఎంత సులువుగా చిక్కుతుందో చెప్పే వల్నరబిలిటీ అంకె మొదట అన్నిటికీ 2 ఉంటుంది. పాత దిగుబడుల మీద తన లెక్క గీత కూర్చునేలా ఆ అంకెల్ని అదే సర్దుతుంది. నా కనగుర్తల గీత 2014లో పడి మళ్లీ లేవడం ముచ్చటగా కుదిరింది. (ఈ చేప శాస్త్రీయ నామంలో కూడా మన కనగుర్తే ఉంది. 1803లో విశాఖ చేపల మీద పుస్తకం వేసిన రస్సెల్ పుణ్యం.) మురిసిపోయి బోటు నడిపే ఒక సరంగుకు చూపించాను.

"చేప ఎక్కడ తగ్గింది సార్? హుద్‌హుద్‌కి బోట్లు పోతే వేటకి ఎవరెళ్లారు?" అన్నాడు.

వేట ఎంత జరిగిందో చెప్పే వరుసలో ఆ ఏడాదిని నేను ముట్టుకోనే లేదు. దాంతో తుఫాను చేసిన పనంతా తిండి కొరత ఖాతాలో పడిపోయింది. ఎకోసిమ్ నెలవారీగా నడుస్తుంది కాబట్టి ఆ నెలల్ని, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధాన్ని విడిగా ఇచ్చాను. గీత కాస్త వంకరగా వచ్చింది, అయినా అదే ఉంచాను.

ఇదే లెక్కను మ్యాపు మీద నడిపే ఎకోస్పేస్ గురించి ఎక్కువ చెప్పలేను. నా పాత ల్యాప్‌టాప్ ఫ్యాను మోత భరించలేక ఆపేశాను.

ఇప్పుడు గీత మరీ అందంగా కుదిరితే ముందు ఆ సరంగుకే ఫోన్ చేస్తాను. నిషేధం రోజుల్లో అయితే మొదటి రింగుకే ఎత్తుతాడు.