మిడిల్‌వెయిట్ స్పోర్ట్ బైక్: మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు రోడ్లకు రెండు సిలిండర్లు మేలా, నాలుగు మేలా?

రాయగడలోనో, జయపూర్‌లోనో, పర్లాకిమిడిలోనో ఉండి 650 సీసీ మిడిల్‌వెయిట్ బండి (మరీ చిన్నదీ మరీ పెద్దదీ కాని స్పోర్ట్ బైక్) మీద మనసు పడ్డ కుర్రాడు ముందు తెరిచేది యూట్యూబే. అక్కడ చెప్పేవాళ్లు రేస్ ట్రాక్ మీదో, ఆరు లేన్ల హైవే మీదో నడిపి చెబుతారు. సాలూరు దాటాక సుంకి ఘాట్‌లో ఆ బండి ఎలా లాగుతుంది, చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే ఎక్కడికి తీసుకెళ్లాలి, విశాఖలో కొన్న బండికి ఒడిశా నంబరు ఎలా వస్తుంది అన్నవి వాళ్లకు పట్టవు. మనకు కావలసినవి అవే.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. రాయగడ, కొరాపుట్, గజపతి జిల్లాల వాళ్లకు రెండు సిలిండర్ల కవాసాకీ నింజా 650. బరంపురంలో ఉంటూ మొదటిసారి పెద్ద బండి కొనేవాళ్లకు అప్రిలియా ఆర్‌ఎస్ 457. నాలుగు సిలిండర్ల హోండా సీబీఆర్ 650ఆర్ ఆ మోత మీద ప్రాణం పెట్టుకున్నవాళ్లకు మాత్రమే. పాత పొగ నిబంధనల నాటి బీఎస్4 బండి సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా వస్తుందని ఎగబడేవాళ్లతోనే ఎక్కువ మాట్లాడాలి, ఆ సంగతి తర్వాత.

అసలు ఈ రెండు సిలిండర్ల గోల ఎక్కణ్నించి వచ్చింది? ఒకప్పుడు స్పోర్ట్ మిడిల్‌వెయిట్ అంటే 600 సీసీ, నాలుగు సిలిండర్లు, అంతే. యమహా ఆర్6 బోరు 67 మిల్లీమీటర్లు, స్ట్రోకు 42.5. పిస్టన్ వెడల్పు ఎక్కువ, ప్రయాణం తక్కువ కాబట్టి 14,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దాటేదాకా తిరుగుతుంది, శక్తంతా అక్కడే. అంత పైన గాలి బాగా పీల్చాలంటే గాలి లోపలికొచ్చే ఇన్‌టేక్, పొగ బయటికెళ్లే ఎగ్జాస్ట్ వాల్వులు కాసేపు రెండూ తెరుచుకునే ఉండాలి. పైన అది బాగానే పనిచేస్తుంది. కింద, అంటే ఊళ్లో మూడు నాలుగు వేల ఆర్‌పీఎం దగ్గర, కాలని పెట్రోలు ఆవిరి ఆ సందులోంచి నేరుగా సైలెన్సర్‌లోకి జారిపోతుంది. పొగ పరీక్షలో హైడ్రోకార్బన్లు, అంటే ఆ కాలని పెట్రోలు, పెరిగేది అక్కడే.

మన దేశంలో బీఎస్6 పొగ నిబంధన అమల్లోకి వచ్చింది 2020 ఏప్రిల్ 1న. కిలోమీటరుకు కార్బన్ మోనాక్సైడ్ 1 గ్రాము, హైడ్రోకార్బన్లు 0.1 గ్రాము, నైట్రోజన్ ఆక్సైడ్లు 0.06 గ్రాము మించకూడదు. యూరప్ వాళ్ల యూరో 5 లెక్కా ఇదే. ఆర్6ని ఆ గీత కిందికి దించాలంటే బోలెడు ఖర్చు, కొనేవాళ్లేమో తగ్గిపోతున్నారు. అందుకే 2020తో యూరప్ రోడ్ల మీదికి కొత్త ఆర్6 రావడం ఆగింది, ట్రాక్ బండిగా మాత్రం మిగిలింది. దాని చోట 2021లో 689 సీసీ, రెండు సిలిండర్ల ఆర్7 వచ్చింది. హోండా సీబీఆర్ 600ఆర్‌ఆర్ అయితే యూరో 4 నాడే యూరప్ వదిలేసి, మళ్లీ 2024లో గానీ తిరిగి రాలేదు.

అంటే నిబంధన మనకు నష్టమే చేసిందా? ట్రాక్ మీద నడిపేవాడికి చేసింది. ఘాట్ రోడ్డు మీద నడిపేవాడికి మేలే చేసింది, ఈ మాట మొహమాటం లేకుండా చెబుతాను.

ఎన్‌హెచ్ 26 మీద సాలూరు నుంచి పైకి వెళ్తుంటే ప్రతి మలుపులోనూ ముందొక లారీ ఉంటుంది. దాని వెనక రెండో గేరులో, మూడో గేరులో పాకుతూ, అవతల ఖాళీ కనబడగానే నాలుగు సెకన్లలో దాటేయాలి. అప్పుడు ఇంజిన్ నాలుగైదు వేల ఆర్‌పీఎం దగ్గర ఉంటుంది. నింజా 650కి గరిష్ఠ టార్క్ (లాగే బలం) 64 న్యూటన్ మీటర్లు, అదీ 6,700 దగ్గరే. గేరు దించకుండా చెయ్యి తిప్పితే చాలు, బండి కదిలిపోతుంది. సీబీఆర్ 650ఆర్‌కీ దాదాపు అంతే టార్క్, 63. కానీ అది అందేది 9,500 దగ్గర. పవర్ చూస్తే హోండాది 95 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత), కవాసాకీది 68. కాగితం మీద హోండా ఎక్కడో ఉంది. లారీ వెనక మాత్రం హోండా నడిపేవాడు రెండు గేర్లు దించి, ఇంజిన్‌ని అరిపించి దాటాలి. ఆ అరుపే కావాలనుకునేవాళ్లు ఉన్నారు, కాదనను. పొట్టంగి దాటాక దేవమాలి వైపు తిరిగే సన్న రోడ్డులోనూ, మోహన నుంచి దిగపహండి వైపు తప్తపాణి ఘాట్ దిగేటప్పుడూ అది పనికిరాదు.

బరువు సంగతి ఒక్క మాటలో. నింజా 196 కిలోలు, సీబీఆర్ 210 దగ్గర, ఆర్‌ఎస్ 457 కేవలం 175.

ఇక వేడి. బీఎస్6 బండిలో పొగను శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టర్ తొందరగా వేడెక్కితేనే పని మొదలుపెడుతుంది, అందుకని దాన్ని ఇంజిన్‌కి వీలైనంత దగ్గరగా పెడతారు. మే నెలలో బరంపురం ట్రాఫిక్‌లోనో, రైల్వే గేటు దగ్గరో ఆగితే ఫ్యాను తిరిగి ఆ వేడి గాలి కాళ్లకు కొడుతుంది. నాలుగు సిలిండర్ల బండిలో నాలుగు పైపులు ముందునుంచి దిగుతాయి కాబట్టి సెగ ఇంకాస్త ఎక్కువే. నింజాకి వేరే తంటా ఉంది. సైలెన్సర్ డబ్బా పొట్ట కిందే, నేలకీ బండికీ మధ్య 130 మిల్లీమీటర్లే. మన పల్లెల్లో రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు, ఊరివాళ్లు సొంతంగా పోసుకున్న సిమెంటు గట్లు ఎన్నో తెలిసిందే కదా. వెనక మనిషి కూర్చుంటే వాటిని నేరుగా ఎక్కకండి, ఐమూలగా, ముందు చక్రం దాటాక కాస్త ఆగి వెనక చక్రం ఎక్కించాలి. రెండు వారాల్లో అలవాటైపోతుంది. అయినా పొట్ట గీతలు పడక తప్పదు.

ఆర్‌ఎస్ 457ని చిన్నచూపు చూడకండి. 457 సీసీ, రెండు సిలిండర్లు, 47.6 పీఎస్. ఈ అంకె యాదృచ్ఛికం కాదు, యూరప్‌లో కొత్త రైడర్ల లైసెన్సుకున్న 35 కిలోవాట్ల హద్దు సరిగ్గా ఇదే. బండి తయారయ్యేది మహారాష్ట్రలోని బారామతిలో. 2023 డిసెంబరులో 4.10 లక్షలకు వచ్చింది. ఊళ్లో నడపడానికి, ఇచ్ఛాపురం మీదుగా ఎన్‌హెచ్ 16 పట్టుకుని శ్రీకాకుళం పోయి రావడానికి ఇంతకంటే చక్కని బండి ఈ ధరలో లేదు. ఇద్దరెక్కి, వెనక బ్యాగు కట్టుకుని ఘాట్ ఎక్కినప్పుడు మాత్రం దీని 43.5 న్యూటన్ మీటర్లకూ నింజా 64కూ తేడా ప్రతి మలుపులో తెలుస్తుంది. నా తీర్పు ఊరిని బట్టి మారింది ఇందుకే.

ధర మాటొచ్చింది కాబట్టి, 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన బండ్లకు జీఎస్‌టీ 40 శాతం. అంతకుముందు సెస్సుతో కలిపి 31. 350 లోపు వాటికి 28 నుంచి 18కి దిగింది. అందుకే టీవీఎస్ అపాచీ ఆర్‌ఆర్ 310 లాంటి 312 సీసీ బండికీ వీటికీ మధ్య దూరం ఇంకా పెరిగింది. జిల్లాలోనే సర్వీసు కావాలి, మాసానికోసారి కూడా విశాఖ వెళ్లలేను అనేవాళ్లు దాన్నే తీసుకోండి, అందులో చిన్నతనమేమీ లేదు.

సర్వీసు విషయంలో పెద్ద బండ్లన్నీ ఒకే తాను ముక్కలు. రాయగడ నుంచి విశాఖ దాదాపు రెండొందల కిలోమీటర్లు, భువనేశ్వర్ దాదాపు అంతకు రెట్టింపు. బరంపురం వాళ్లకు భువనేశ్వర్ నయం. ఆయిల్, చైను, బ్రేక్ ప్యాడ్లు మన మెకానిక్ చేసేస్తాడు, చెయ్యి మంచిదైతే షోరూమ్ వాళ్లకంటే శుభ్రంగా చేస్తాడు. చిక్కల్లా ఆ పసుపు చెక్ ఇంజిన్ లైటు. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లలో ఓబీడీ 2 ఉంది, అంటే పొగను అదుపు చేసే సెన్సార్ల మీద బండే కన్నేసి ఉంచి, తేడా వస్తే లైటు వెలిగిస్తుంది. 2025 ఏప్రిల్ నుంచి ఆ నిఘా ఇంకా బిగిసింది. లైటు వెలిగిన కారణం తెలియాలంటే స్కానర్ కావాలి. ఒక్కోసారి కనెక్టరులో చేరిన నీళ్లే కారణం కావచ్చు, ఆరబెట్టి బిగిస్తే పోతుంది. బ్యాటరీ వైరు పీకి పెట్టి లైటు ఆర్పే మెకానిక్‌ని మాత్రం నమ్మకండి. కొన్ని కిలోమీటర్లకు అది మళ్లీ వెలుగుతుంది, ఈలోపు లోపల రికార్డయిన సమాచారం చెరిగిపోయి, షోరూమ్ వాడు వెతుక్కోవలసి వస్తుంది.

ఇక పాత బండి. మా మేనల్లుడు ఈమధ్య ఫోన్ చేశాడు. "మావయ్యా, హైదరాబాద్‌లో సీబీఆర్ 650ఎఫ్ ఉంది, బీఎస్4, నాలుగు సిలిండర్లు. కొత్తదాంట్లో సగం కూడా లేదు ధర. తెచ్చేయనా?"

"సైలెన్సర్ కంపెనీదేనా?" అన్నాను.

"కాదు, బయటిది. సౌండు అదిరిపోద్ది."

"అయితే కంపెనీది కూడా ఇస్తాడేమో అడుగు. ఇవ్వకపోతే వదిలెయ్."

బీఎస్4 బండి నడపడం తప్పు కాదు. సుప్రీంకోర్టు 2018లో చెప్పింది 2020 ఏప్రిల్ 1 నుంచి కొత్తగా బీఎస్4 అమ్మవద్దు, రిజిస్టర్ చేయవద్దని. అంతకుముందే రిజిస్టరైనవి హాయిగా తిరగొచ్చు. ఢిల్లీ చుట్టుపక్కల పాత బండ్లకు పెట్టిన పదేళ్ల, పదిహేనేళ్ల వయసు పట్టింపులు మన దగ్గర లేవు. అసలు తిరకాసు రెండు చోట్ల ఉంది.

ఒకటి కాగితాలు. ఉండేది ఒడిశాలో అయితే బండి ఒడిశాలోనే రిజిస్టర్ కావాలి. వేరే రాష్ట్రం బండి ఇక్కడ పన్నెండు నెలలు దాటి ఉంచుకుంటే కొత్త నంబరు తప్పదు. అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ, అంటే ఫారం 28, తర్వాత బదిలీకి 29, 30, లోను మీద కొన్న బండైతే బ్యాంకు ఇచ్చే ఫారం 35, ఆపైన ఇక్కడి ట్యాక్సు. నంబరు మొదట్లో రాయగడకు ఓడీ 18, గజపతికి ఓడీ 20, గంజాంకు ఓడీ 07. పార్వతీపురంలో ఉన్న బావగారి అడ్రస్ మీద ఆంధ్రా నంబరుతో నడిపేద్దామనుకునేవాళ్లు మన వైపు తక్కువేం కాదు. ప్రమాదం జరిగి ఇన్సూరెన్స్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆ బావగారి అడ్రసే మెడకు చుట్టుకుంటుంది. కొత్త బండి విశాఖలో కొన్నా ఇదే మాట. టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) మీద తెచ్చుకుని ఇక్కడే పర్మనెంట్ నంబరు వేయించుకోండి.

రెండోది పొగ. కొత్త బండికి మొదటి ఏడాది పొల్యూషన్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఆ తర్వాత బీఎస్4కైనా బీఎస్6కైనా ఏడాదికోసారి. లేకపోతే 10,000 రూపాయల దాకా జరిమానా. ఒడిశా టోల్ గేట్లలో కెమెరా నంబరు ప్లేటు చదివి, కాగితాలు సరిగా లేకపోతే చలానా పంపే పద్ధతీ వచ్చింది, పోలీసు ఆపితేగా అన్న ధీమా ఇక చెల్లదు. బయటి సైలెన్సర్ వేసిన బండిలో చాలాసార్లు కన్వర్టర్ ఉండదు. చూసేటప్పుడు ఇంజిన్ కింద వంగి చూడండి. పైపు మధ్యలో ఉబ్బుగా ఉండాల్సిన చోట సన్నగా ఉన్నా, ఆక్సిజన్ సెన్సార్ వైరుకు నల్ల టేపు చుట్టి ఫ్రేముకి కట్టేసి ఉన్నా పీకేశారన్నమాటే. ఇంజిన్ బాగా వేడెక్కాక కూడా వెనక నిలబడితే కళ్లు మండే పెట్రోలు వాసన వస్తుంటే అనుమానించాల్సిందే. కంపెనీ తయారీకి భిన్నంగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద తప్పు. మోత కూడా 175 సీసీ దాటిన బండ్లకు 80 డెసిబెల్స్ మించకూడదు. ఒరిజినల్ సైలెన్సర్ కొత్తది కొనాల్సి వస్తే చవక బేరం కాస్తా అక్కడే ఆవిరైపోతుంది.

ఇంకో మాట, పెట్రోలు. బంకుల్లో ఇప్పుడు దొరికేది ఇథనాల్ 20 శాతం కలిపినదే. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండ్ల రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు దీన్ని తట్టుకుంటాయి, అంతకుముందువి ఆ భరోసాతో తయారైనవి కావు. ఇథనాల్ వల్ల ఆక్టేన్ (నాకింగ్‌ని అడ్డుకునే గుణం) పెరుగుతుంది కాబట్టి ఇంజిన్ టకటకా కొట్టుకునే ఆ నాకింగ్ శబ్దం గురించి బెంగ వద్దు, మైలేజీ మాత్రం కాస్త తగ్గుతుంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. వానాకాలంలో నెలల తరబడి బండిని షెడ్డులో పెట్టేసేవాళ్లు ట్యాంకు సగం ఖాళీగా ఉంచకండి. పాత సీబీఆర్ లాంటి బండైతే పెట్రోలు పైపులు ఒకసారి మార్పించేసుకోవడం మంచిది.

ట్రయంఫ్ డేటోనా 660 గురించి అడిగేవాళ్లూ ఉన్నారు. మూడు సిలిండర్లు, 95 పీఎస్, 69 న్యూటన్ మీటర్లు, 2024లో 9.72 లక్షలకు వచ్చింది. నింజా లాగుడు, హోండా పరుగు రెండూ అందులో ఉన్నాయి, ఘాట్‌కి కూడా సరిపోతుంది. డబ్బుకు వెనకాడనివాళ్లు, సర్వీసుకు విశాఖో భువనేశ్వరో తిరగగలిగినవాళ్లు నింజాని పక్కన పెట్టి దీన్ని తీసుకున్నా తప్పు పట్టను. మిగిలినవాళ్లు ఆ ధర తేడాని టైర్లకూ, మంచి హెల్మెట్‌కూ, జాకెట్‌కూ ఉంచుకోండి.